టమాటా ధర ముందే ఎందుకు చెప్పలేరు?

ప్రశ్న: గ్రహణం ఏ నిమిషానికి పడుతుందో పంచాంగంలో ముందే ఉంటుంది. మూడు నెలల తర్వాత టమాటా ధర ఎంతో ఆర్థికవేత్తలు ఎందుకు చెప్పలేరు? – ఒక రైతు, పలమనేరు

జవాబు: సూర్యచంద్రులు పంచాంగం చదివి దారి మార్చుకోరు, రైతులు మార్చుకుంటారు. ధర పెరుగుతుందని తెలియగానే పలమనేరు, వి.కోట, పుంగనూరు వైపు అందరూ నాటేస్తారు. 60-70 రోజులకు కాయంతా ఒక్కసారే మార్కెట్లో దిగి, ఆ అంచనానే తప్పు చేస్తుంది. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటింది, సెప్టెంబరుకల్లా కుప్పకూలింది. ఈ ఊగిసలాటకు 1934లో ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ పెట్టిన పేరు ‘సాలెగూడు సిద్ధాంతం’. పైగా చవకైందని ఎవరూ పూటకు రెండు రసాలు పెట్టుకోరు. అందుకే సరుకు కాస్త ఎక్కువైనా ధర బాగా పడిపోతుంది.

ఈరోజు ధర చూసి నాటకండి, అది రెండు నెలల కిందటి నాట్ల ఫలితం. చుట్టుపక్కల నాలుగు నర్సరీల్లో అడగండి. నారు దొరకడమే కష్టంగా ఉందంటే, మీ కాయ దిగే రోజుకు మార్కెట్ నిండిపోతుంది. ఉన్న రెండెకరాలూ ఒకేసారి వేయక, 20 రోజుల ఎడంతో మూడు దఫాలుగా వేయండి. అయితే పాత మడి మీదుగా గాలి వీచే వైపు లేత నారు పెట్టొద్దు, తెల్లదోమ దిగుతుంది.

కోసే ముందు క్రేటుకు కోత కూలి, బాడుగ, కమిషన్ కలిపి చూడండి. ధర అంతకన్నా తక్కువుంటే ఆ కోత ఆపేయడమే మేలు. ఎరువుల ఖర్చు ఇందులో కలపకండి, కోసినా కోయకున్నా అది తిరిగిరాదు.