అమ్మలూ, క్రియ చివర జాగ్రత్త

చిరంజీవి అమ్మలుకు ఆశీస్సులు.

ఫ్రెంచి భాషలో పెట్టే డెల్ఫ్ పరీక్షకి కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషమో, అంత గుబులు. క్రియారూపాల పట్టికలు నువ్వు ఎలాగూ బట్టీపడతావు. రోజూ పావుగంట విను, పైకి చదువు. నా భయమంతా క్రియల చివర్ల మీదే.

మనది అజంత భాష. మాట హల్లుతో ఆగితే మన నాలుక ఊరుకోదు, బస్‌ని బస్సు చేసినట్టు ఒక ఉకారం తగిలిస్తుంది. 'పార్లే' అంటే మాట్లాడడం కదా. నేను, నువ్వు, అతను, వాళ్ళు: ఈ నాలుగింటికీ రాత మూడు రకాలు, పలుకు మాత్రం ఒక్కటే, 'పార్ల్'. ఒకే సిలబుల్. 'పార్లు' అన్నావా, రెండైపోతాయి.

ఇక మనవాళ్ళు తరతరాలుగా చేస్తున్న తప్పు. 'వాళ్ళు' రూపం చివర ఈ, ఎన్, టి కనపడగానే 'పార్లెంట్' అనేస్తారు. ఆ మూడూ మూగవి తల్లీ! అలాగని కనిపించిన ప్రతిచోటా మింగెయ్యకు. 'అతను వస్తాడు'లోనూ అవే మూడు అక్షరాలు, కానీ అక్కడ ముక్కుతో 'ఇల్ వ్యాఁ' అనాలి. 'వాళ్ళు వస్తారు' అయితే 'ఇల్ వ్యెన్'. కోళ్ళు పొదుగుతాయి అనే క్రియ 'కూవ్'. సరిగ్గా అవే అక్షరాలతో రాసే సన్యాసినుల మఠం 'కూవాఁ'. అందుకే నోరు తెరిచే ముందు అది క్రియేనా, కర్త ఒకరా పలువురా చూసుకో.

మరి చెవికి బహువచనం ఎలా తెలుస్తుందంటావా? చాలా క్రియల్లో చివరి హల్లు వల్ల. అతను నిద్రపోతే 'దోర్', వాళ్ళయితే 'దోర్మ్'. చదివితే 'లీ', 'లీజ్'. పెడితే 'మె', 'మెత్' (మెట్ కాదు, త పళ్ళకి తగలాలి). ఆ హల్లు మింగేస్తే పదిమంది ఒక్కడైపోతారు. 'పార్లే' జాతికి ఆ ఆసరా లేదు. అయితే క్రియ అచ్చుతో మొదలైతే లియేజోఁ, అంటే ముందు మాట చివరి మూగ హల్లు పలికి పక్క మాటతో కలవడం, ఆదుకుంటుంది: అతను ప్రేమిస్తే 'ఇ-లెమ్', వాళ్ళు ప్రేమిస్తే 'ఇల్-జెమ్'. ఆ 'జ' ఒక్కటే తేడా. దాన్ని వదిలావంటే నాకు కోపమొస్తుంది.

మాటని సిలబుల్స్‌గా విడదీయడం సులువే. 'మేం మాట్లాడతాం' అంటే 'పార్-లోఁ'. మన ఛందస్సులో సంయుక్తాక్షరం ముందున్నది గురువైనట్టే ర్ ముందు సిలబుల్‌కి పోతుంది. కానీ ప, బ, త, గ లాంటి వాటి వెనక ర, ల వస్తే విడగొట్టకు. మరచిపోవడం 'ఊ-బ్లి-యే', 'ఉబ్-లి' కాదు. చూపించడం 'మోఁ-త్రే'. 'మేం చేస్తాం' దగ్గర ఏ, ఐ అక్షరాలు చూసి 'ఫేజోఁ' అనకు. అక్కడున్నది 'ఫ'కీ 'ఫె'కీ మధ్య పలికే పొట్టి అచ్చు.

ఇక్కడ తెలుగులో రాసింది నీకు దారి చూపడానికే. నోట్సులో ఫ్రెంచి మాటల మీద ఇలా రాసుకోకు, నీ కన్ను వాటినే చదువుతుంది.

ఆదివారానికి 'దోర్మ్', 'లీజ్', 'మెత్' తలా పదిసార్లు రికార్డు చేసి పంపు. చివర ఉకారం వినపడితే మళ్ళీ పంపమంటాను. రాత్రి ఆకలితో చదవకు, ముందు అన్నం తిను.

మీ పెద్దమ్మ