రంగం ఓడకు ముందు గోపాల్‌పూర్‌లో రాత్రి బస ఎందుకు?

ప్రశ్న: మా తాతగారు 1930కి ముందు చికిటి దగ్గరి పల్లె నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. ఓడ ఎక్కే ముందురోజే గోపాల్‌పూర్ చేరి, ఆ రాత్రి ఇసుకలోనే పడుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. బరంపురం నుంచి 16 కిలోమీటర్లే కదా, తెల్లవారుజామున బయలుదేరితే సరిపోదా? ఆయన పేరు రికార్డుల్లో దొరుకుతుందా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: దూరం చిన్నదే గాని, ఆ రోజుల్లో గోపాల్‌పూర్‌లో ఓడ ఒడ్డుకు ఆనుకొని నిలిచే రేవు లేదు. స్టీమరు దూరాన లోతునీటిలో లంగరు వేసేది. మనుషులూ సరుకూ మసూలా పడవల్లోనే అక్కడికి చేరాలి. మేకు ఒక్కటీ కొట్టకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి చేసిన ఆ పడవ, కెరటం ఎత్తి ఇసుక మీద పడేసినా పగలకుండా వంగి తట్టుకొనేది. దాన్ని నడిపినవారు ఒడియావారు నోలియాలని పిలిచే మన వాడబలిజలే. సాధారణంగా పొద్దుటిపూట, గాలి నేల మీది నుంచి వీచేటప్పుడు, అలల పోరు కాస్త తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే పడవ దాటించడం కష్టమవుతుంది. అందువల్ల తొలి పడవలలో చోటు దొరకాలంటే ప్రయాణికుడు తెల్లవారేసరికే ఒడ్డున ఉండాలి, చికిటి వైపు నుంచి ఎడ్లబండిలో వచ్చేవాడికి ముందురోజే బయలుదేరక తప్పదు.

పైగా కోస్తా ఓడ ఒక్కొక్క రేవులో ఆగుతూ వచ్చేది కనుక, అది ఏ గంటకు కనిపిస్తుందో ఒడ్డున ఉన్నవారు గట్టిగా చెప్పలేరు. తుఫానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ అనిశ్చితి మరీ ఎక్కువ. ఇళ్లలో చెప్పుకొనే కథల్లో ఆ రాత్రి ఒక విహారంలా వినిపిస్తుంది గాని, కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర బయానా పుచ్చుకొని, టికెట్టు డబ్బు కూడా అప్పు ఖాతాలో రాయించుకొన్న కూలీకి ఓడ తప్పడమంటే తరువాతి ఓడ దాకా తిండి ఖర్చు మీద పడడమే. మూడు నాలుగు రోజుల డెక్కు ప్రయాణానికి అటుకులూ బియ్యమూ మూటకట్టుకొన్నవాడు ఆ మూటను ఒడ్డునే విప్పడానికి ఇష్టపడడు.

ఇక రికార్డుల సంగతి. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారి పేర్లు, ఊర్లు, తండ్రి పేర్లతో సహా ఓడల జాబితాల్లో ఉన్నాయి. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలోనే భాగం కనుక, అక్కడికి వెళ్లేవారికి అలాంటి ఒప్పంద పత్రమూ పాస్‌పోర్టూ అవసరం లేకపోయింది. మీ తాతగారి పేరుతో ప్రయాణ పత్రం దొరుకుతుందని ఆశపెట్టుకోకండి. దానికన్నా ఇంట్లో మిగిలిన మనియార్డరు రసీదులు, రంగం డబ్బుతో కొన్న భూమి దస్తావేజులు వెతకడం మేలు. దస్తావేజు మీద కొన్న తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి గనుక, ఆయన ఎప్పుడు తిరిగివచ్చారో, లేక ఎవరి చేత డబ్బు పంపారో దాన్నిబట్టి ఊహించవచ్చు. మీ ప్రాంతం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, అంతకు ముందరి జిల్లా కాగితాల కోసం చెన్నైలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారాన్నీ, తరువాతి వాటి కోసం భువనేశ్వర్‌లోని భాండాగారాన్నీ సంప్రదించండి.