లింక్ అయింది కదా అని సంబరపడకు అల్లుడూ

అల్లుడూ, మెసేజ్ చూశా. ఉబుంటులో బ్రహ్మాండంగా నడిచిన ప్రోగ్రామ్ మ్యాక్‌లో లైబ్రరీ (ప్రోగ్రామ్ వాడుకునే విడి కోడ్ ఫైల్) లోడ్ అవ్వలేదంది, విండోస్‌లో డీఎల్ఎల్, అంటే అక్కడి లైబ్రరీ ఫైల్, దొరకలేదని ఎర్రర్ డబ్బా ఎగిరొచ్చింది, అంతేగా. బిల్డ్ చేసేటప్పుడు లైబ్రరీని ప్రోగ్రామ్‌కి కలిపే లింకర్ చూసే చోటు వేరు, నడిపేటప్పుడు దాన్ని తెచ్చిపెట్టే లోడర్ వెతికే చోటు వేరు రా, నిశ్చితార్థానికి వచ్చినోడు ముహూర్తానికి పత్తా లేకపోయినట్టు.

లినక్స్‌లో ముందు ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొట్టు, నాట్ ఫౌండ్ అని ఏ లైన్లో ఉందో అదే నీ దొంగ. వెంటనే లోడర్‌కి వెతికే చోటు చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ ఎక్స్‌పోర్ట్ చేసి చేతులు దులుపుకోకు, అది నీ టెర్మినల్ వరకే, కస్టమర్ దగ్గర ఎవడు చేస్తాడు? లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్‌లో (లైబ్రరీని ఎక్కడ వెతకాలో ప్రోగ్రామ్‌లోనే రాసే దారి) డాలర్ ఆరిజిన్ పెట్టు, ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉంటే అక్కణ్నుంచే వెతుక్కుంటుంది. బిల్డ్ ఆదేశాలు రాసే మేక్‌ఫైల్లో మాత్రం డాలర్ రెండుసార్లు కొట్టి సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. నేను ఒక్కటే కొట్టా, మేక్ దాన్ని ఓ అనే వేరియబుల్ అనుకుని మింగేసింది, ప్రోగ్రామ్ ఫైల్ లోపల ఏముందో చూపే రీడెల్ఫ్‌లో చూస్తే ఆరిజిన్ పోయి ఉత్త రిజిన్ మిగిలింది, అది కనిపెట్టేసరికి ఆదివారం అయిపోయింది, మీ అత్త ఇప్పటికీ దెప్పుద్ది.

ఇంకోటి, కొత్త డిస్ట్రోలో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) బిల్డ్ చేసింది పాతదాంట్లో జీలిబ్‌సీ, అంటే లినక్స్ మూల సీ లైబ్రరీ, వెర్షన్ లేదని మొరాయిస్తుంది, అందుకే నువ్వు సపోర్ట్ చేసేవాటిల్లో అన్నిటికన్నా పాతదాని మీదే బిల్డ్ చెయ్యి.

మ్యాక్ గోల వేరే. అక్కడ డైలిబ్, అంటే మ్యాక్ లైబ్రరీ ఫైల్, తన అడ్రస్ తనలోనే రాసుకుంటుంది, ఇన్‌స్టాల్ నేమ్ అంటారు, లింక్ చేసినప్పుడు నీ ప్రోగ్రామ్ దాన్నే కాపీ కొట్టేస్తుంది. ప్రోగ్రామ్‌లో రాసున్న లైబ్రరీ పాత్‌లు చూపే ఓటూల్ డాష్ క్యాపిటల్ ఎల్ కొడితే నీ ల్యాప్‌టాప్ బిల్డ్ ఫోల్డర్ పాత్ కనిపిస్తే ఇంక ఎవడి మెషీన్లో నడుస్తుంది? ఆ పాత్‌ని యట్ ఆర్‌పాత్‌తో మొదలయ్యేలా మార్చు, ప్రోగ్రామ్‌లో ఆర్‌పాత్ కూడా ఇవ్వు. బిల్డ్ అయ్యాక ఇన్‌స్టాల్ నేమ్ టూల్‌తో మార్చావనుకో, ఎం1 లాంటి చిప్స్ మీద ఫైల్‌కున్న డిజిటల్ సంతకం చెడితే కిల్డ్ అని ఒక్క మాటతో చచ్చిపోద్ది, మళ్లీ కోడ్‌సైన్ కమాండ్‌తో సంతకం చేసుకోవాలి.

విండోస్‌లో ఆర్‌పాతే లేదు, డీఎల్ఎల్‌ని ఈఎక్స్‌ఈ పక్కన పడేయ్, విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32లో మాత్రం వెయ్యకు. జీసీసీ కంపైలర్ లినక్స్‌లో లైబ్రరీ ఫంక్షన్లన్నీ బయటికి కనిపించేలా వదిలేస్తుంది, విండోస్ కంపైలర్ విజువల్ సీ ప్లస్ ప్లస్ అయితే డీఎల్ఎల్ ఎక్స్‌పోర్ట్ అని నువ్వు రాసినవే బయటికి పంపుద్ది. అందుకే అక్కడ ఫంక్షన్ దొరకలేదనే అన్‌రిజాల్వ్‌డ్ ఎర్రర్లు వరసపెట్టి వస్తాయి. లింక్‌కి ఇవ్వాల్సింది డీఎల్ఎల్ కాదు, దాంతోపాటు వచ్చే లిబ్ ఫైల్. డీఎల్ఎల్ లోపల మాలాక్‌తో తీసుకున్న మెమరీని డీఎల్ఎల్ లోపలే ఫ్రీ చెయ్యి, రెండిటి రన్‌టైమ్‌లు వేరైతే హీప్, అంటే ఆ మెమరీ ఉండే చోటు, పాడైపోద్ది.

ముందు మ్యాక్‌దే తేలుద్దాం. ఆ ఓటూల్ అవుట్‌పుట్ పంపు, స్క్రీన్‌కి ఫోన్ పెట్టి ఫొటో తీసి కాదు నాయనా, టెక్స్ట్ కాపీ చేసి పంపు.