పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తిరగకుండానే దిక్కు మార్చే పాత సి.బి. ఏంటెనా

ప్రశ్న: మేము కొన్న ఇంటి పెరట్లో 12 మీటర్ల స్తంభం మీద, మూడు చేతుల చివర మూడు నిలువు అల్యూమినియం గొట్టాలున్న ఏంటెనా ఒకటి ఉంది. ఇల్లు అమ్మిన పెద్దాయన దాన్ని ‘సూపర్ స్కానర్’ అన్నారు. దాని స్విచ్చి పెట్టె బేస్‌మెంట్‌లో దొరికింది; ఒకటి, రెండు, మూడు, అన్ని వైపులా అని నాలుగు స్థానాలున్నాయి. మోటారు ఎక్కడా లేదు. మరి దిక్కు ఎలా మారుతుంది? నేను సి.బి. (సిటిజన్స్ బ్యాండ్, అంటే మామూలు జనం మాట్లాడుకునే 27 మెగాహెర్ట్జ్) రేడియో తగిలించి చూస్తే స్విచ్చి ఎటు తిప్పినా ఒకేలా వినిపిస్తోంది. దీన్ని బాగు చేయించుకోవచ్చా, దింపేయమంటారా?
– ఒక పాఠకుడు, క్లీవ్‌లాండ్ శివారు, ఒహాయో

జవాబు: దింపేయకండి. దాన్ని తయారుచేసిన ఏంటెనా స్పెషలిస్ట్స్ కంపెనీ మీ క్లీవ్‌లాండ్‌దే కాబట్టి అది పుట్టింటికి దగ్గరలోనే ఉందన్నమాట. 1973 చమురు సంక్షోభం, ఆ మరుసటి ఏడాది వచ్చిన గంటకు 55 మైళ్ల వేగపరిమితి కలిసి లారీ డ్రైవర్ల రేడియోను ఇంటింటి సరదాగా మార్చిన ఆ దశకంలో, గుంపులో ఒక్క గొంతును విడదీసి వినగలగడమే పెద్ద అవసరమైంది. ఉన్న 23 ఛానళ్లు చాలక 1977 జనవరి 1 నుంచి 40 చేశారంటే ఆ రద్దీ ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఒకే దిక్కుకు గురిపెట్టే యాగీ ఏంటెనాకు మోటారు తగిలించి తిప్పేవారికి అర నిమిషానికి పైగా పట్టే పనిని ఇది స్విచ్చి తిప్పిన క్షణంలో చేసేది.

ఇక పనితీరు. మూడు గొట్టాలూ మూడు నిలువు డైపోళ్లు, అంటే మధ్యలో కేబుల్ తగిలే ఏంటెనాలు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు కాబట్టి ఒక్కొక్కటీ అందులో సగానికి కాస్త తక్కువగా, 5.25 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మూడు చేతులూ 120 డిగ్రీల ఎడంతో నిలబడతాయి. ‘అన్ని వైపులా’ స్థానంలో మూడింటికీ రేడియో శక్తి సమానంగా వెళుతుంది. ఒక దిక్కు ఎంచుకున్నప్పుడు ఒక్క డైపోల్‌కే శక్తి అందుతుంది. మిగిలిన రెండూ వాటి కేబుల్ ముక్కల వల్ల విద్యుత్పరంగా కాస్త పొడుగైనట్టు ప్రవర్తించి, అద్దాల్లాగా శక్తిని ఎంచుకున్న చేతి వైపు నెడతాయి. ఈ మార్పిడినంతా మధ్యనున్న డబ్బాలోని రిలేలు, అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్చిలు చేస్తాయి. ఈ కోవకు చెందిన కొన్ని ఏంటెనాల్లో రిలేల బదులు కదిలే భాగాలు లేని డయోడ్లు ఉంటాయి. వాటికి ఆజ్ఞ వెళ్లేది కింది పెట్టె నుంచే, విడి తీగల మీదనో, రేడియో శక్తిని మోసే కోయాక్స్ కేబుల్ లోపలి నుంచో.

చాలామంది ఇలాంటి ఏంటెనా అంటే దూరం పెరగడం గురించే మాట్లాడతారు. నా దృష్టిలో దీని అసలు బలం వెనకవైపు వినిపించకుండా చేయడంలో ఉంది. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. రేడియోలో సంకేతబలం చూపే మీటరు మీద ఒక్క గీత (ఎస్-యూనిట్) కదలాలంటే సుమారు 6 కావాలి. కాబట్టి ముందువైపు లాభం మీటరు మీద పెద్దగా తెలియకపోవచ్చు, కానీ వెనకనున్న గోల తగ్గడం చెవికి వెంటనే తెలుస్తుంది. మీ దక్షిణాన ఐ-71 హైవే మీద కొలంబస్ నుంచి వచ్చే లారీవాళ్లు 19వ ఛానల్లో మాట్లాడుకుంటూ దగ్గరవుతుంటే, ఒక చేతిలో గట్టిగా వినిపించిన గొంతు కాసేపటికి పక్క చేతిలోకి జారడం మీరే గమనిస్తారు.

అంటే, స్విచ్చి ఎటు తిప్పినా ఒకేలా వినిపించడం ఏంటెనా బాగుందనడానికి కాదు, రిలేలు కదలడం లేదనడానికి గుర్తు. ముందుగా స్తంభం కింద నిలబడి, మరొకరిని స్విచ్చి తిప్పమని చెప్పి, పైనుంచి ‘టక్’ మనే శబ్దం వస్తోందేమో వినండి. రాకపోతే పెట్టెలోంచి వోల్టేజీ వస్తోందా అని మల్టీమీటర్‌తో చూడండి. ఇంత వయసు పెట్టెల్లో తరచుగా ఎండిపోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే. ఇంటి కరెంటుతో నడిచే పెట్టె అయితే ప్లగ్గు తీశాకే మూత విప్పండి. వోల్టేజీ సరిగా ఉంటే, రిలే కాయిల్ తెగిపోయిందేమో కింది నుంచే ఓమ్‌ల కొలతతో తెలుసుకోవచ్చు, ఊరికే స్తంభం ఎక్కనక్కర్లేదు. ఒక హెచ్చరిక: ఆజ్ఞ కోయాక్స్ గుండా వెళ్లే రకమైతే, పెట్టెకూ ఏంటెనాకూ మధ్య, ఆ ఆజ్ఞను మోసే డి.సి. కరెంటును ఆపేసే పిడుగు రక్షణ పరికరాన్ని ఎవరైనా తర్వాత పెట్టారేమో చూడండి. దాన్ని తీసేస్తే చాలు, అన్నీ పనిచేసిన సందర్భాలున్నాయి. ఏంటెనా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరును (1కి దగ్గరగా ఉంటే మంచిది) కూడా రేడియోకూ పెట్టెకూ మధ్యే ఉంచండి.

రిలేలు కదులుతుంటే నాలుగు స్థానాల్లోనూ విడివిడిగా ఎస్.డబ్ల్యు.ఆర్. రాసుకోండి. నాలుగూ చెడ్డగా ఉంటే లోపం కింది నుంచి వచ్చే ప్రధాన కేబుల్‌లోనో దాని కనెక్టర్‌లోనో ఉంటుంది. రెండో నంబరు ఒక్కటే తేడాగా ఉంటే ఆ చేతి కేబుల్ ముక్కనో, దాని రిలే కాంటాక్టునో అనుమానించాలి. నాలుగు స్థానాల్లోనూ, 1వ ఛానల్ నుంచి 40వ ఛానల్ దాకా 1.2 దగ్గరే సూది కదలకుండా ఉంటే మాత్రం సంతోషపడకండి: నీళ్లు తాగిన పాత కేబుల్ వెళ్లే శక్తినీ, తిరిగొచ్చే శక్తినీ మధ్యలోనే మింగేసి, మీటరుకు మంచి లెక్క చూపిస్తుంది. నేను విప్పిన అలాంటి ఒక కేబుల్‌లో రాగి అల్లిక చివరి నుంచి ఒక జానెడు మేర నల్లబడి, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది.

చేతుల్లోని కేబుల్ ముక్కలు మార్చాల్సి వస్తే మూడింటినీ ఒకేసారి, ఒకే చుట్టలోంచి, ఒకే పొడవుకు కోయండి. ఇక్కడ కేబుల్ అంటే సంకేతాన్ని మోసే తీగ మాత్రమే కాదు, కొలబద్ద కూడా. లోపల గట్టి పాలిథిన్ ఉన్న కేబుల్‌లో తరంగం శూన్యంలో వెళ్లే వేగంలో 66 శాతంతోనే వెళుతుంది. నురుగు పాలిథిన్ ఉన్నదానిలో ఆ వేగం 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. పావు తరంగం ముక్క మొదటి రకంలో 1.82 మీటర్లయితే రెండోదానిలో సుమారు 2.2 మీటర్లు. ఈ తేడా పట్టించుకోకుండా పాత ముక్క పొడవుకే కొత్త రకం కోస్తే, ఏంటెనా పనిచేస్తున్నట్టే ఉంటుంది కానీ దిక్కు పోతుంది.

బాగయ్యాక పరీక్షకు, 8–10 కిలోమీటర్ల దూరంలోని పరిచయస్థుణ్ని తన మైకు బటన్ ఒక నిమిషంపాటు నొక్కిపట్టమని అడిగి, స్విచ్చి తిప్పుతూ మీటరు చూడండి. అయనోవరణం (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) మీదుగా వచ్చే దూరపు గొంతులతో పరీక్షించవద్దు, అవి వాటంతట అవే పెరిగి తగ్గుతాయి. మీరు మాట్లాడుతున్నప్పుడు మాత్రం స్విచ్చి ముట్టుకోకండి. మైకు బటన్ వదిలాకే తిప్పాలి. అనుమతించిన శక్తికి, అంటే ఎ.ఎం. ప్రసార పద్ధతిలో 4 వాట్లకు, సైడ్‌బ్యాండ్ పద్ధతిలో 12 వాట్లకు ఆ కాంటాక్టులు తట్టుకుంటాయి. దానికి మించిన యాంప్లిఫయర్ చట్టవిరుద్ధం, పైగా ముందుగా కాలేవి ఇవే. ఏంటెనా కొన నేల నుంచి 60 అడుగులు మించకూడదన్న నిబంధనకు మీ స్తంభం లోబడే ఉంది.

దించేటప్పుడూ ఎత్తేటప్పుడూ కరెంటు తీగలకు ఎంత దూరంలో ఉన్నారో కొలిచి చూసుకోండి. ఇలాంటి ఏంటెనాలు తీగలకు తగిలి మనుషులు పోయినందుకే 1978 నుంచి అమెరికాలో ఇళ్ల దగ్గర పెట్టే సి.బి. (బేస్) ఏంటెనాల మీద హెచ్చరిక చీటీ తప్పనిసరి చేశారు. స్తంభం పడిపోతే దాని కొన ఎంతదూరం చేరుతుందో, ఆ వలయంలో తీగ ఉండకూడదు.

ప్రశ్న: ఇలాంటిదే మా పాత ఏంటెనా కనెక్టర్లకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సిలికాన్ పూశాను. అయినా వాన పడితే రెండు రోజులదాకా ఎస్.డబ్ల్యు.ఆర్. పెరిగి, ఎండ రాగానే తగ్గుతోంది. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చిందా? ఆ రకం సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదిలి రాగిని తినేస్తుంది. కనెక్టర్ మార్చండి, దానిచుట్టూ సాగదీసి చుట్టే, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు, దానిమీద మామూలు ఎలక్ట్రికల్ టేపు చుట్టండి. గొట్టాల అతుకులు విప్పి తెల్లని తుప్పును గరుకు కాగితంతో గీకి, అల్యూమినియం అతుకులకు పూసే పేస్టు రాసి, స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించండి. రాగి తీగ నేరుగా అల్యూమినియాన్ని తాకకుండా మధ్యలో స్టెయిన్‌లెస్ వాషర్ వేయండి. మధ్య డబ్బా అడుగున నీరు కారే రంధ్రం ఉంటే దాన్ని మూసేయకండి. కందిరీగలు మట్టితో మూసేసి ఉంటే తెరవండి. మీ లక్షణాలను బట్టి నేను మొదట చూసేది ఆ రంధ్రాన్నే.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఇలాంటి ఏంటెనా తెస్తానంటున్నాడు. విశాఖలో మేడ మీద పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మన దేశంలో 2005 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేనిది 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకే, అదీ ఏంటెనా లాభంతో కలిపి లెక్కించే 5 వాట్ల ప్రసారశక్తి దాకానే. అమెరికా ఛానళ్లలో 28 నుంచి పైవి ఈ హద్దు దాటిపోతాయి. 5 డెసిబెళ్ల లాభమున్న ఏంటెనాకు 4 వాట్లిస్తే లెక్క 12 వాట్లు దాటుతుంది. ఎమెచ్యూర్ (హామ్ రేడియో) పరీక్ష రాసి లైసెన్సు తీసుకుంటే 28 మెగాహెర్ట్జ్ బ్యాండు మీకు తెరుచుకుంటుంది. అప్పుడు ప్రతి గొట్టాన్నీ, దాని కేబుల్ ముక్కనూ నూటికి నాలుగు వంతుల చొప్పున కురచ చేస్తే ఇదే ఏంటెనా 28.4 దగ్గర పనిచేస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి అల్యూమినియం అతుకులు త్వరగా పాడవుతాయి కాబట్టి, విశాఖలో మాత్రం ఏటా వానాకాలానికి ముందొకసారి దించి చూసుకోవాలి.