వీధిలో నిలబడి వీడియో తీస్తే నేరమా?

ప్రశ్న: మా ప్రాంతంలోని పాత మేడలనూ మండువా లోగిళ్లనూ వీడియో తీసి యూట్యూబ్ చానల్‌లో పెడుతుంటాను. ఈమధ్య ఒక ఇంటిని వీధిలో నిలబడి తీస్తుండగా ఇంటివారు బయటికి వచ్చి, అనుమతి లేకుండా తీస్తే కేసు పెడతామంటూ నా చేతిలోని ఫోను లాక్కుని, వీడియోను చెరిపేశారు. మరోసారి ఒక ప్రభుత్వ కార్యాలయం ఎదుట తీస్తుంటే, సర్కారు భవనాన్ని తీయడమే నేరమని అక్కడి సిబ్బంది అన్నారు. దారిన పోయేవాళ్లు కూడా ఫ్రేములో పడుతూనే ఉంటారు. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, కాకినాడ జిల్లా

జవాబు: బహిరంగ ప్రదేశంలో నిలబడి, అక్కడి నుంచి ఎవరి కంటికైనా మామూలుగా కనిపించేదాన్ని ఫొటో గానీ వీడియో గానీ తీయకూడదని మొత్తంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. కాబట్టి ‘అనుమతి ఉందా?’ అని అడిగేవారే, ఏ చట్టం ప్రకారం ఆ అనుమతి అవసరమో చెప్పవలసి ఉంటుంది. అయితే ఈ స్వేచ్ఛకు ఉన్న హద్దులు ఒకచోట రాసి లేవు. శిక్షాస్మృతిలో కొన్ని, ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలో కొన్ని, కాపీరైట్ చట్టంలో కొన్ని చెల్లాచెదురుగా ఉన్నాయి. పైగా తీయడం ఒక ఎత్తు, తీసినదాన్ని నలుగురికీ చూపించడం మరో ఎత్తు.

ముందు ఇంటి సంగతి చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, కట్టడాన్ని ఫొటో తీసినా, ఆ ఫొటోను ప్రచురించినా ఉల్లంఘన కాదని స్పష్టంగా చెబుతోంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కళాకృతి వీడియోలోకి వచ్చినా ఇబ్బంది లేదు. గోడ మీది బొమ్మను ప్రకటనకు వాడుకోవడం మాత్రం వేరే విషయం: ముంబయిలోని ఒక కుడ్యచిత్రాన్ని తన హోర్డింగు మీదికి ఎక్కించిన బీమా కంపెనీని, ఆ హోర్డింగు తీసేయమని దిల్లీ హైకోర్టు 2023లో ఆదేశించింది. మీరు తీసింది ఇంటి ముఖభాగాన్ని, అదీ వీధిలో నుంచి కనుక, ఇంటివారు బెదిరించిన కేసుకు ఆధారం కనిపించదు. అదే వీధిలో నిలబడి జూమ్ చేసి కిటికీలోపలి మనుషులను తీసి ఉంటే నా జవాబు ఇలా ఉండేది కాదు.

మనుషుల విషయంలో మీరు నిలబడిన చోటు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినప్పుడు, మనిషి వీధిలోకి వచ్చినంత మాత్రాన ఆ హక్కును వదులుకున్నట్టు కాదని కూడా అందులో పేర్కొన్నారు. ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ దీన్ని మరింత సూటిగా చెబుతుంది. ఒక వ్యక్తి మరుగు అవయవాలను సమ్మతి లేకుండా చిత్రీకరించడం గానీ ప్రచురించడం గానీ నేరం. ఆ వ్యక్తి ఉన్నది బహిరంగ స్థలమా, ప్రైవేటు స్థలమా అన్న తేడా అక్కడ పనికిరాదు. మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయలకు మించని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కనుక ఈ మాట గట్టిగానే చెప్పాలి: స్నానఘట్టం బహిరంగ స్థలమే, కానీ చీర అడ్డం పెట్టించుకుని తడిబట్టలు మార్చుకుంటున్న స్త్రీ వైపు కెమెరా తిప్పేవాడికి ‘నేను మెట్ల మీదే నిలబడ్డాను’ అన్న సమాధానం అక్కరకు రాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ స్త్రీల ఏకాంతాన్ని చాటుగా చూడటాన్నీ చిత్రీకరించడాన్నీ, 78వ సెక్షన్ వెంటపడి వేధించడాన్నీ శిక్షిస్తాయి.

మీ ఫ్రేములో యథాలాపంగా పడే బాటసారులతో మామూలుగా చిక్కు లేదు. వారిలో ఒకరిని ఎంచి, ముఖం దగ్గరగా చూపించి, పైన వెక్కిరింపు శీర్షిక పెడితే పరువు నష్టం కిందికి వస్తుంది. ఇతరుల వ్యక్తిగత సమాచారాన్ని సేకరించడానికీ వాడుకోవడానికీ హద్దులు పెట్టే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తిగత, ఇంటి అవసరాలకు మినహాయింపు ఇచ్చింది గాని, ఆదాయం వచ్చే చానల్‌ను ఇంటి అవసరం అని వాదించడం కష్టమే.

ఇక ప్రభుత్వ కార్యాలయం. ఇలాంటి చోట్ల తరచూ వినిపించేది 1923 నాటి అధికార రహస్యాల చట్టం పేరే. అందులోని ‘నిషిద్ధ ప్రదేశం’ అన్న నిర్వచనంలో సైనిక, నౌకా, వైమానిక స్థావరాలు, ఆయుధాగారాలు, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన స్థలాలు వస్తాయి తప్ప ప్రతి సర్కారు భవనమూ రాదు. పోలీస్ స్టేషన్ కూడా ఆ నిర్వచనంలోకి రాదని, అక్కడ వీడియో తీయడం ఆ చట్టం కింద నేరం కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022లో తేల్చింది. తహసీల్దారు కార్యాలయాన్ని ఎదుటి రోడ్డు మీద నుంచి తీస్తే దేశ భద్రతకు వచ్చే ముప్పేమిటో నాకైతే అర్థం కాదు. విశాఖలో నౌకాదళ డాక్‌యార్డు పరిసరాలలో మాత్రం ఈ వాదన ఎత్తకండి. ఫొటోలు నిషేధమన్న బోర్డు కనిపిస్తే ఫోను జేబులో పెట్టుకోవడమే మంచిది. కార్యాలయం ఆవరణలోకి అడుగుపెట్టాక, మెట్రో స్టేషన్‌లో, మాల్‌లో, చార్మినార్ వంటి రక్షిత కట్టడం లోపల ఆయా యాజమాన్యాల నియమాలు వర్తిస్తాయి. డ్రోన్ ఎగరేస్తే వీధి హక్కులన్నీ పక్కకు పోయి 2021 నాటి డ్రోన్ నియమాలు ముందుకొస్తాయి.

చివరిగా మీ ఫోను మాట. అక్కడికక్కడే వీడియో చెరిపించే అధికారం ఇంటివారికి లేదు, పోలీసులకూ లేదు. పోలీసులు ఫోను స్వాధీనం చేసుకోవాలంటే చట్టప్రకారం చేసి, ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలపాలి. మీ అనుమతి లేకుండా ఫోనులోని సమాచారాన్ని చెరిపేయడం ఐటీ చట్టంలోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది కనుక, కేసు పెడతామన్నవారే నష్టపరిహారం ఇచ్చుకోవలసిన స్థితిలో ఉండవచ్చు. అటువంటి ఫిర్యాదులను విచారించే అధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. అయినా ముందు ఫోనులోని ‘ట్రాష్’ ఫోల్డరు తెరిచి చూడండి. చెరిపిన వీడియో చాలా ఫోన్లలో సుమారు నెల రోజుల పాటు అక్కడే ఉంటుంది. దొరికితే ప్రచురించే ముందు ఇంటి నంబరునూ వాకిట్లోని వాహనాల నంబర్లనూ మసకబార్చండి. చట్టం అడగకపోయినా, ఆ ఇంటివారి భయానికి బహుశా అసలు కారణం అదే అయి ఉంటుంది.