ఎర్రరాతి లోయల్లో ఆర్‌వీ ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: గుంటూరు నుంచి మా అత్తగారు, మామగారు జూన్‌లో అమెరికా వస్తున్నారు. పిల్లలిద్దరికీ అప్పుడు సెలవులే కాబట్టి, జూలై మొదటి వారంలో లాస్ వేగస్‌లో ఆర్‌వీ (పడకలు, వంటగది ఉన్న ప్రయాణ వాహనం) అద్దెకు తీసుకుని తొమ్మిది రోజుల్లో యూటా, అరిజోనా రాష్ట్రాల్లోని జియాన్, బ్రైస్ కాన్యన్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ చూసి రావాలనుకుంటున్నాం. పెద్దవాళ్లకు ఇబ్బంది లేకుండా ఇది సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: ప్రయాణం సాధ్యమే కానీ, ఆరు చోట్లకు బదులు మూడు చోట్లు పెట్టుకోండి. తొమ్మిది రోజుల్లో ఆరు పార్కులంటే దాదాపు రోజూ ఉదయం వైర్లు, గొట్టాలు విప్పి, సామాను సర్ది, నాలుగైదు గంటలు నడిపి, చీకటి పడే వేళకు మళ్లీ అన్నీ బిగించుకోవడమే అవుతుంది. ఇంత దూరం వచ్చిన పెద్దవాళ్లకు లోయల కంటే హైవేలే ఎక్కువగా గుర్తుండిపోతాయి.

ఏ మూడు అన్నది జూలైలో ఎత్తును బట్టి తేల్చుకోవాలి. జియాన్ లోయ అడుగు, ఆర్చెస్ పక్కనున్న మోయాబ్ ఊరు సముద్రమట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉంటాయి. జూలైలో అక్కడ మధ్యాహ్నం 38 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000 అడుగుల దగ్గర, బ్రైస్ అంచు 8,000 అడుగులకు పైన ఉన్నాయి. బ్రైస్‌లో అదే జూలైలో పగలు 27 డిగ్రీల దగ్గర ఉండి, రాత్రి స్వెట్టర్ లేనిదే బయట కూర్చోలేనంత చల్లబడుతుంది. అందువల్ల జియాన్‌లో రెండు రాత్రులు, బ్రైస్‌లో మూడు, గ్రాండ్ కాన్యన్‌లో మూడు ఉండేలా వేసుకుంటే మేలు. క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, మాన్యుమెంట్ వ్యాలీలను అక్టోబరులో చేసే మరో ప్రయాణానికి ఉంచుకోండి. జూలై ఎండలో పెద్దవాళ్లను ఆర్చెస్ రాళ్ల మధ్య నడిపించమని నేను చెప్పలేను. ఎత్తు ప్రదేశాల్లో ఆయాసం సహజం కాబట్టి, గుండె లేదా ఊపిరితిత్తుల సమస్యలుంటే బయలుదేరే ముందే వైద్యులను అడగండి, బ్రైస్‌లో మొదటి రోజు విశ్రాంతికి వదిలేయండి.

జియాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉన్న స్థలమే తీసుకోండి. అక్కడ జనరేటర్లు నిషిద్ధం, కరెంటు లేకపోతే ఏసీ నడవదు. బుకింగ్ ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది కనుక మీ తేదీలకు జనవరిలోనే సిద్ధంగా ఉండాలి. వేసవిలో లోపలి లోయలోకి ప్రైవేటు వాహనాలను అనుమతించరు, ఉచిత షటిల్ బస్సులు తిరుగుతాయి. క్యాంప్‌గ్రౌండ్ దగ్గరే మొదలయ్యే పారుస్ బాట సిమెంటు వేసి చదునుగా ఉంటుంది, పొద్దున్నే మీ అత్తమామలు నది పక్కన హాయిగా నడవగలరు.

మీరు తప్పక తెలుసుకోవలసిన విషయం జియాన్ తూర్పు వైపు సొరంగం గురించినది. 1.1 మైళ్ల పొడవున్న ఈ సొరంగం 1930లో, అప్పటి చిన్న కార్ల కొలతకు తగ్గట్టు పూర్తయింది. పెద్ద ఆర్‌వీ దాని వంపు కప్పు కింద మధ్యగా నడిస్తే తప్ప పట్టదు. అందుకే చాలా ఏళ్లపాటు ఎదురు వాహనాలను ఆపి, రుసుము తీసుకుని పంపేవారు. 2026 జూన్ 7 నుంచి ఆ వెసులుబాటు లేదు. ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు, లేదా అద్దాలతో కలిపి వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు మించిన వాహనాలు ఆ దారిన పోకూడదు, అద్దె ఆర్‌వీలు చాలావరకు ఈ కొలతలను మించుతాయి. ఫోన్‌లోని మ్యాప్ మాత్రం బ్రైస్‌కు దగ్గరి దారిగా ఆ సొరంగాన్నే చూపిస్తుంది. మీరు వెనక్కి హరికేన్ ఊరికి వచ్చి, 59వ నంబరు రోడ్డు మీదుగా ఫ్రెడోనియా, కానబ్ చేరి, అక్కడి నుంచి 89వ హైవే పట్టుకుని ఉత్తరానికి వెళ్లండి.

గ్రాండ్ కాన్యన్‌లో మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు (బండికి నీరు, కరెంటు, డ్రైనేజీ కలిపే కనెక్షన్లు) లేవు, 30 అడుగులు మించిన వాహనాలకు చోటూ లేదు. ఆ మూడూ ఉన్న ట్రైలర్ విలేజ్ పెద్దవాళ్లతో వెళ్లేవారికి నయం. బ్రైస్ పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో కూడా హుకప్‌లు ఉండవు, కానీ అక్కడి చల్లదనంలో ఏసీ అవసరం రాదు.

రుసుముల సంగతి కూడా చూసుకోండి. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కాని, 16 ఏళ్లు నిండినవారికి 11 జాతీయ పార్కుల్లో ప్రవేశ రుసుముకు అదనంగా తలకు 100 డాలర్లు వసూలు చేస్తున్నారు. మీరు వెళ్లే మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. మీ అత్తమామలకు విడివిడిగా కట్టుకుంటూ పోతే 600 డాలర్లవుతుంది, నివాసులు కానివారి వార్షిక పాస్ 250 డాలర్లే కనుక అది తీసుకోవడమే ఉత్తమం.

చివరగా, ఆర్‌వీలో ఆరుగురికి పడకలు ఉంటే చాలదు, ఆరు సీటు బెల్టులు ఉన్నాయో లేదో అద్దె కంపెనీని అడగండి. బండి నడుస్తుండగా పెద్దవాళ్లను వెనక మంచం మీద పడుకోబెట్టడం చాలా ప్రమాదకరం.

ప్రశ్న: హుకప్‌లు లేని చోట రెండు మూడు రోజులు గడపాలంటే నీళ్లు, కరెంటు, వంట ఎలా సర్దుకోవాలి? మేము నలుగురం, అందరం శాకాహారులం.
– ఒక పాఠకుడు, ఫీనిక్స్

సమాధానం: మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు అనుకుందాం. ఇంట్లోలాగా స్నానాలు చేస్తే అది ఒక్క రోజుకే చాలదు. ఒళ్లు తడుపుకుని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ కడుక్కుంటే మూడు రోజులు లాగవచ్చు. తాగడానికి మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల లెక్కన వేరే క్యాన్లలో తీసుకువెళ్లండి, ట్యాంకు నీళ్ల మీద ఆధారపడకండి. నిజానికి చాలాసార్లు మంచినీళ్లు అయిపోకముందే సింకు, స్నానాల నీళ్లు చేరే గ్రే ట్యాంకు నిండిపోతుంది. జాతీయ పార్కుల్లో దాన్ని నేల మీదికి వదలడం నిషిద్ధం. కాబట్టి బియ్యం, పప్పు ఇంటి దగ్గరే కడిగి బాగా ఆరబెట్టి తెచ్చుకోండి, నూనె గిన్నెలను తోమే ముందు కాగితంతో తుడిచేయండి. మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో ముందు మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసి, తర్వాత గ్రే ట్యాంకు తెరిస్తే ఆ నీళ్లతోనే గొట్టం శుభ్రపడుతుంది.

హుకప్ ఉన్న రాత్రి కూడా కరెంటుకు హద్దు ఉంటుంది. 30 ఆంపియర్ల కనెక్షన్ 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లే ఇస్తుంది. ఏసీ 1,500, మైక్రోవేవ్ 1,500, ఎలక్ట్రిక్ కుక్కర్ 1,000 వాట్లు ఒక్కసారి లాగితే బ్రేకర్ పడిపోతుంది. కుక్కర్ పెట్టినంతసేపు ఏసీ ఆపేయండి, లేదా గ్యాస్ పొయ్యి మీద మామూలు ప్రెషర్ కుక్కర్ వాడండి. ప్రెషర్ కుక్కర్ మాత్రం తప్పనిసరి. బ్రైస్ ఎత్తున నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతాయి కనుక, మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకుగానే మిగులుతుంది. తాలింపు వేసే ముందు కిటికీ తెరిచి, ఫ్యాన్ వేయండి. అంత ఇరుకు చోట ఎండుమిర్చి ఘాటుకు అందరికీ దగ్గు వస్తుంది, పొగ అలారమూ మోగుతుంది.

బీఎల్‌ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) చూసే ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల వరకు ఉచితంగా ఉండవచ్చు, కానీ ఇదివరకు బండ్లు ఆగిన జాగాలోనే ఆపండి. అక్కడక్కడ నేల మీద నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బొడిపెలతో కనిపించే పొర మట్టిలో పెరిగే సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కలిసి అల్లుకున్నది. ఇసుక ఎగిరిపోకుండా ఆపేది, గింజ మొలిచేందుకు తేమ పట్టి ఉంచేది అదే. ఒక్క టైరు దాని మీద వెళితే కోలుకోవడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది.

ప్రశ్న: ఆగస్టులో అరిజోనాలోని పేజ్ ఊరి దగ్గరున్న ఇరుకైన రాతి లోయ యాంటిలోప్ కాన్యన్ చూడాలని ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా వరద రావచ్చని ఒక మిత్రుడు భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, శాన్ హోసే

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది అక్షరాలా నిజం. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు వరదలో చనిపోయారు. వాన పడింది అక్కడ కాదు, మైళ్ల దూరంలో, ఎగువన. 2015 సెప్టెంబరు 14న జియాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ ప్రాంతంలో నేల చాలావరకు ఉట్టి రాయి, వాన నీరు ఇంకకుండా దొర్లి ఇరుకు చీలికల్లోకి ఒక్కసారిగా చేరుతుంది. జూలై నుంచి సెప్టెంబరు నడుమ వరకు మధ్యాహ్నపు ఉరుముల వానల కాలం కాబట్టి, ఇలాంటి చోట్లకు ఉదయం వేళలే ఎంచుకోండి. మీరున్న ఊరి వాతావరణం చూస్తే సరిపోదు, ఎగువ ప్రాంతానికి హెచ్చరిక ఉందేమో కూడా చూడాలి. వాగులో నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారి పుల్లలు, ఆకులు కొట్టుకొస్తుంటే సామాను కోసం ఆగకుండా ఎత్తుకు ఎక్కేయండి.

ఆర్‌వీని ఎండిన వాగులో ఎప్పుడూ నిలపకండి. ఇసుక చదునుగా ఉండి చూడముచ్చటగా అనిపించేది సాధారణంగా అలాంటి చోటే. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దిగకుండా ఆగిపోండి, రెండడుగుల ప్రవాహం చాలా వాహనాలను తోసుకుపోతుంది.

యాంటిలోప్ కాన్యన్ నవాహో తెగవారి భూమి, వారి గైడ్ లేకుండా లోపలికి పంపరు. టికెట్ ముందే తీసుకోండి, సమయం విషయంలో జాగ్రత్త పడండి. వేసవిలో గడియారం ముందుకు జరిపే పద్ధతి యూటాలో ఉంది, అరిజోనాలో లేదు, కానీ అరిజోనాలోని నవాహో భూభాగంలో ఉంది. పేజ్ ఊరు అరిజోనా సమయాన్నే పాటిస్తుంది, చుట్టుపక్కల టవర్లను బట్టి మీ ఫోన్ గంట అటూ ఇటూ చూపించవచ్చు. టికెట్ తీసుకునేటప్పుడే అది ఏ ప్రాంతపు సమయమో అడిగి రాసుకుని, ఆ రోజు ఫోన్‌లో సమయాన్ని ఫీనిక్స్‌కు మార్చి ఉంచండి.