పై అధికారి పిలిస్తే గుండె దడ.. మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. ఆఫీసులో తోటివారితో బాగానే మాట్లాడతాను. పై అధికారి పిలిస్తే మాత్రం గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది. ఈ మధ్య మీటింగులో నా చేతిలోని కాగితం వణకడం అందరూ చూశారు. అప్పటి నుంచి ఆయనకు ఎదురుపడకుండా తిరుగుతున్నాను. దడ తగ్గడానికి ప్రొప్రానలాల్ వేసుకోమని స్నేహితుడు అంటున్నాడు. వేసుకోవచ్చా?

జవాబు: ముందు మాత్ర సంగతి. అది గుండె వేగాన్ని, చేతుల వణుకును తగ్గిస్తుంది, నిజమే. కానీ ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలు బిగుసుకుపోయి ప్రాణం మీదకు రావచ్చు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవారికి, బీపీ తక్కువగా ఉండేవారికీ ఇబ్బందే. డాక్టరు పరీక్షించి రాసిస్తే వేరు. స్నేహితుడి మాట మీద వేసుకోకండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘అందరూ చూశారు’. నిజంగా చూశారా? అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులకు సిగ్గు కలిగించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటివారు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది బొమ్మను గమనించి ఉంటారని ఆ విద్యార్థులు అనుకున్నారు. తీరా అడిగితే గమనించింది సుమారు పావువంతు మందే. ఈ అధ్యయనం 2000లో వెలువడింది. మన వణుకు మనకు కనిపించినంతగా ఎదుటివారికి కనిపించదు.

జీతం, పదోన్నతి మీ పై అధికారి చేతిలో ఉన్నాయి కాబట్టి మెదడు ఆయన్ను ప్రమాదంగా లెక్కగడుతుంది. వెంటనే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. దడ, చెమట, వణుకు దాని పనే. అక్కడే నిలబడితే కాసేపటికి అది దానంతటదే దిగుతుంది. తప్పుకుపోతే హాయిగా ఉంటుంది కానీ, పారిపోవడం వల్లే బతికిపోయానని మెదడు నేర్చుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకా ముందే మొదలవుతుంది.

నా అనుభవంలో వణుకు కన్నా దాన్ని దాచాలనే తాపత్రయమే మనిషిని ఎక్కువ అలసట పెడుతుంది. వణుకు ఆపాలని కాగితాన్ని బిగించి పట్టుకుంటే అది ఇంకా ఊగుతుంది. గొంతు ఎలా ఉందోనని మన మాటలు మనమే వింటూ ఉంటే ఆయన అడిగిన ప్రశ్న చెవికెక్కదు. కాగితం బల్ల మీద పెట్టేయండి. వాక్యాలు బట్టీపట్టకుండా మూడు ముఖ్యాంశాలే రాసుకోండి. ఆయన ఏం అడుగుతున్నారన్న దాని మీదే మనసు పెట్టండి. జవాబు తట్టకపోతే ‘ఒక్క నిమిషం, చూసి చెబుతాను’ అనడం తప్పేమీ కాదు.

దూరంగా తిరగడం మానండి, కానీ మెట్లు మెట్లుగా. మొదట ఎదురైనప్పుడు పలకరింపు చాలు. అది మామూలైపోయాక పని గురించి ఒక చిన్న ప్రశ్న అడగండి. ఆ తర్వాత రెండు నిమిషాలు పని వివరాలు చెప్పండి. ఒక్కో మెట్టునూ విసుగు పుట్టేదాకా చేయాలి.

ఒక మాట. ఆయన నలుగురిలో అరిచి అవమానించే మనిషైతే మీ భయం జబ్బు కాదు. అప్పుడు మారాల్సింది మీరు కాదు, ఆ ప్రవర్తన. దాన్ని సంస్థలో సంబంధిత విభాగం దృష్టికి తీసుకెళ్లాలి.

ఊరికే కూర్చున్నప్పుడూ దడ, వణుకు ఉంటే, బరువు తగ్గుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కాఫీ ఎక్కువ తాగేవారైతే తగ్గించి చూడండి. భయం ఆరు నెలలకు పైగా ఉండి, మీటింగు రోజున సెలవు పెట్టడం, పదోన్నతి వద్దనుకోవడం దాకా వెళ్తే అది సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ (ఎదుటివారు మనల్ని ఏమనుకుంటారోనన్న భయం జబ్బుగా మారడం) కావచ్చు. దీనికి మంచి చికిత్స ఉంది. ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది. అవసరమైతే మానసిక వైద్యులు మందులు ఇస్తారు. వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకూడదు. డాక్టరు ముందు కూడా నోరెండిపోతుందేమోనని సందేహమైతే, నాకు రాసిన ఈ నాలుగు వాక్యాలే కాగితం మీద రాసుకెళ్లి ఆయన చేతికివ్వండి.